‘మస్ట్ బి క్లోజ్డ్’ అంటే మూయాలా, మూసేశారా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది విశాఖపట్నంలో గాజువాక. పరవాడ వైపు ఒక రసాయనాల కర్మాగారంలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆ తరవాత డిప్లొమా. షిఫ్ట్ దిగేటప్పుడు జరిగిందంతా లాగ్‌బుక్‌లో ఇంగ్లీషులో రాయాలి. పోయిన నెల ఒక రాత్రి రెండో నంబరు ట్యాంకులో నీటి మట్టం పెరగడం లేదని గమనించి, ముందు షిఫ్టులో ఎవరో ఇన్‌లెట్ వాల్వు మూసేసి ఉండాలి అనుకున్నాను. దిగే వేళ కావడంతో ‘ట్యాంక్ టూ ఇన్‌లెట్ వాల్వ్ మస్ట్ బి క్లోజ్డ్’ అని రాసి ఇంటికి వెళ్ళిపోయాను. పొద్దున వచ్చినతను దాన్ని ఆదేశంగా తీసుకుని, వాల్వు మూసే ఉండడం చూసి, అలాగే వదిలేశాడు. మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అయి పంపు ట్రిప్పయింది. నష్టమేమీ లేదు గానీ మేనేజరు గారు నా వాక్యాన్ని అందరి ముందూ చదివి వినిపించారు. స్కూల్లో ‘చేంజ్ ద వాయిస్’ ప్రశ్నకు నాకెప్పుడూ పూర్తి మార్కులే. మరి తప్పెక్కడ జరిగింది? మస్ట్, షుడ్, కెన్, మే వంటి వాటితో పాసివ్ వాయిస్ ఎలా వాడాలి? ట్యూషన్లు చెప్పే మా బావగారు అసలు పాసివ్ జోలికే పోవద్దంటున్నారు. ఆయన మాట నిజమేనా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. పరీక్షలో రాసి ఉంటే ఇప్పటికీ పూర్తి మార్కులే వచ్చేవి. మీరు అనుకున్నది ఒక వాక్యం, కాగితం మీద పెట్టింది ఇంకొక వాక్యం. ఆ రెండో వాక్యం కూడా నిక్షేపంలా ఉండడం వల్లనే పొద్దుటి షిఫ్టు వ్యక్తికి అనుమానం రాలేదు. తప్పుల తడకగా రాసి ఉంటే కనీసం మీకు ఫోన్ చేసి అడిగేవాడేమో.

మీ మనసులో మొదట మెదిలిన తెలుగు వాక్యాన్ని మీరే ఉత్తరంలో రాశారు కాబట్టి నా పని సులువైంది. ‘ఎవరో వాల్వు మూసేసి ఉండాలి’ అనుకున్నారు. ఇది ఊహ. పాసివ్‌లోకి మార్చేటప్పుడు కర్త ఎవరో తెలియదు గనక ‘ఎవరో’ అనే మాటను తీసేశారు, అది సరైన పనే. కానీ అది ఊహ అని చెబుతున్న గుర్తు కూడా ఆ మాటతోనే పోయింది. మిగిలింది ‘వాల్వు మూసి ఉండాలి’. ఈ తెలుగు వాక్యానికి రెండు ముఖాలున్నాయి. వాల్వు ఎప్పుడూ మూసిన స్థితిలోనే ఉండాలి అన్నది ఒకటి, అది నియమం. దాన్ని ఎవరో ఇదివరకే మూసి ఉంటారు అన్నది రెండోది, అది అనుమానం. మాట్లాడేటప్పుడు గొంతులోని తేడా వల్ల, పక్కనున్న మాటల వల్ల మనకు ఏ ముఖమో తెలిసిపోతుంది. రాతలో గొంతు వినిపించదు.

ఇంగ్లీషు ఈ రెండు ముఖాలకు రెండు వేరు వేరు రూపాలు పెట్టుకుంది. నియమానికి ‘మస్ట్ బి క్లోజ్డ్’, జరిగిపోయిన పని గురించిన ఊహకు ‘మస్ట్ హేవ్ బీన్ క్లోజ్డ్’. మీరు ‘ఉండాలి’కి ‘మస్ట్ బి’ అని, ‘మూసి’కి ‘క్లోజ్డ్’ అని మాటకు మాట సరిపెట్టారు. అక్కడే జారింది. తెలుగులో ‘మూసి’ అన్న రూపాన్ని మన వ్యాకరణం క్త్వార్థకం అంటుంది, అంటే పని ముగిసిందని తెలిపే అసమాపక క్రియ. ‘మూసి వెళ్ళాడు’ అంటే ముందు మూశాడు, తరవాత వెళ్ళాడు. ముగింపును తెలిపే ఆ ‘ఇ’కారం చేసే పనినే ఇంగ్లీషులో ‘హేవ్’ చేస్తుంది. ‘ఎవరో మూసి ఉండాలి’ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ‘మూసి’లోని ముగింపును ‘హేవ్’గా మోసుకుపోవాలి. మీరు దాన్ని దారిలో వదిలేశారు.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. ‘మస్ట్ బి క్లోజ్డ్’కు ఇంగ్లీషులోనే ఊహార్థం ఒకటుంది. జగదాంబ సెంటర్లో ఒక దుకాణం ముందు దీపాలు ఆర్పి ఉండడం చూసి ‘ద షాప్ మస్ట్ బి క్లోజ్డ్’ అంటే మూసేసినట్టుంది అని అర్థం. అక్కడ ‘క్లోజ్డ్’ పాసివ్ క్రియ కాదు, దుకాణం ఇప్పుడున్న స్థితిని చెప్పే విశేషణం. దుకాణం విషయంలో ఈ అర్థం వెంటనే తడుతుంది, ఎందుకంటే దారిన పోయేవాడు దుకాణానికి ఆదేశాలివ్వడు. లాగ్‌బుక్‌లో వాల్వు గురించి రాస్తే మాత్రం ఆదేశమే తడుతుంది, ఎందుకంటే ఆ పుస్తకం ఉన్నదే తరవాతి షిఫ్టుకు పనులు అప్పగించడానికి. పొద్దున వచ్చినతని తప్పు ఇందులో ఏమీ లేదు.

రూపం సంగతి త్వరగా ముగిస్తాను, మీకది వచ్చు. కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిది అసలైన మోడల్స్. వీటిలో ఏది వచ్చినా దాని పక్కన క్రియ మూల రూపమే నిలుస్తుంది కనుక పాసివ్‌లో ‘బి’ మాత్రమే వస్తుంది. ఈజ్, ఆర్, వాజ్ అనేవి అక్కడికి రావు, కర్త ఒకటైనా వందైనా మారేదీ లేదు. దాని తరవాత మన క్లాసుల్లో ‘వీ త్రీ’ అని చెప్పే మూడో రూపం. గడిచిన పనికైతే మోడల్, హేవ్, బీన్, వీ త్రీ. ఇక్కడ కూడా ‘హేవ్’ ఎప్పుడూ ‘హేజ్’ కాదు, ‘హేడ్’ కాదు. ఆట్ టు, హేవ్ టు, నీడ్ టు వంటి వాటికి ఒక ‘టు’ అదనం. మరమ్మతు ఇప్పుడే జరుగుతూ ఉండవచ్చు అని చెప్పడానికి ‘మే బి బీయింగ్ రిపేర్డ్’ అనే రూపం వ్యాకరణంలో ఉంది గానీ దాన్ని వాడాలని ఉబలాటపడకండి. ‘మే బి అండర్ రిపేర్’ అంటే సరిపోతుంది.

మీ బడిలో ఈ అచ్చు నేర్పారు, నేను చదువుకున్న బడిలోనూ నేర్పారు. ‘యు కెన్ డు దిస్’ అని ఇస్తే ‘దిస్ కెన్ బి డన్ బై యు’ అని రాయాలి. ‘బై యు’ మరిచిపోతే అర మార్కు కోత. ఆ కోత భయం వల్ల మనలో చాలామందికి పాసివ్ అంటే ‘బై’ అన్న నమ్మకం స్థిరపడిపోయింది. నిజానికి మోడల్‌తో వచ్చే పాసివ్ వాక్యాల్లో ఎక్కువ వాటికి కర్తే అవసరం ఉండదు. ‘హెల్మెట్స్ మస్ట్ బి వోర్న్’ అన్న బోర్డుకు ‘బై ఎవ్రీవన్’ అని తగిలిస్తే దాని బిగి పోతుంది. పైగా ‘బై’ అన్న మాట ఇంగ్లీషులో గడువును కూడా చెబుతుంది. ‘మస్ట్ బి కంప్లీటెడ్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారం లోపు పూర్తి కావాలని, ‘మస్ట్ బి కంప్లీటెడ్ బై ద కాంట్రాక్టర్’ అంటే కాంట్రాక్టరు పూర్తి చేయాలని. తెలుగులో ‘లోపు’కూ ‘చేత’కూ పోలికే లేదు కాబట్టి మనకు ఈ గందరగోళం తట్టదు. కర్తనూ గడువునూ రెంటినీ చెప్పవలసి వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని యాక్టివ్‌లోకి మార్చడమే మేలు.

స్కూల్లో చెప్పని ఒక కిటుకు ఇప్పుడు చెబుతాను. మోడల్ పాసివ్‌ను మన భాషలో ‘బడు’తో పోల్చుకోవద్దు. ‘రామునిచే రావణుడు చంపబడెను’ అన్న కర్మణి ప్రయోగం తెలుగు నోట సహజంగా పలకదు. అది బతుకుతున్నది బోర్డుల మీదనే. ద్వారకానగర్‌లో ఒక సందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ‘ఇచ్చట సెల్‌ఫోన్లు రిపేరు చేయబడును’, ‘గదులు అద్దెకు ఇవ్వబడును’ అన్నవి నాలుగైనా కనిపిస్తాయి. ఆ బోర్డు రాయించినవాడు కూడా ఇంట్లో ‘అన్నం వడ్డించబడును’ అనడు. మనం రోజూ వాడే వాక్యం వేరే ఉంది: ‘ఈ మందు భోజనం తరవాత వేసుకోవాలి’, ‘చెప్పులు బయట విడవాలి’, ‘ఈ గేటు తెరవకూడదు’. వీటిలో కర్త లేడు, లేని లోటూ లేదు. ఇంగ్లీషు మోడల్ పాసివ్‌కు తెలుగులో అసలైన జోడీ ఈ కర్త లేని వాక్యమే. సింహాచలం మెట్ల దగ్గర ‘చెప్పులు బయట విడవాలి’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఫుట్‌వేర్ మస్ట్ బి లెఫ్ట్ అవుట్‌సైడ్’ అని దానంతటదే వస్తుంది. కాబట్టి మీ వాక్యం తెలుగులో కర్త లేకుండా హాయిగా నిలుస్తుందా అని ముందు చూసుకోండి. నిలిస్తే పాసివ్‌కు తగినదే. ‘ఎవరు?’ అన్న ప్రశ్న వెంటనే పుడితే కాదు.

‘కూడదు’, ‘అక్కరలేదు’ల విషయంలో తెలుగు మనకు మంచి దిక్సూచి. ‘తెరవాలి’కి వ్యతిరేకాలు రెండు. ‘తెరవకూడదు’ నిషేధం, అది ‘మస్ట్ నాట్ బి ఓపెన్డ్’. ‘తెరవనక్కరలేదు’ వెసులుబాటు, అది ‘నీడ్ నాట్ బి ఓపెన్డ్’. తెలుగులో ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం లేదు కనుక ముందు తెలుగులో అనుకుని అప్పుడు రాయండి. ఊహలో మాత్రం లెక్క మారుతుంది. ‘మూసి ఉండాలి’ అన్న ఊహకు ఎదురు ‘మూసి ఉండరు, ఉండే అవకాశమే లేదు’ అన్నది. దానికి ‘మస్ట్ నాట్’ పనికిరాదు, ‘కెనాట్ హేవ్ బీన్ క్లోజ్డ్’ అనాలి.

‘వచ్చు’ దగ్గర మన భాష ఇంగ్లీషు కన్నా పొదుపరి. ‘ఈ నీళ్ళు తాగవచ్చు’ అన్నప్పుడు నీళ్ళకు ఆ గుణం ఉందని, ‘లోపలికి వెళ్ళవచ్చు’ అన్నప్పుడు అనుమతి ఉందని, ‘సాయంత్రం వాన పడవచ్చు’ అన్నప్పుడు అవకాశం ఉందని చెబుతున్నాం. మూడింటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిదానికి కెన్, రెండోదానికి మే గానీ కెన్ గానీ, మూడోదానికి మే గానీ మైట్ గానీ వస్తాయి. పాసివ్‌లో ‘మే’తో జాగ్రత్త అవసరం. ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు జరిగే సందర్భంలో ‘ద బీచ్ రోడ్ మే బి క్లోజ్డ్’ అని వార్త వస్తే, మూసే అవకాశం ఉందని చదువుకుంటాం. అదే వాక్యం పోలీసు ఉత్తర్వులో ఉంటే, అవసరమైతే మూయడానికి అధికారం ఇచ్చారని అర్థం. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. మీరు రాసేటప్పుడు అవకాశానికి ‘మైట్ బి’ అని, అనుమతికి ‘కెన్ బి’ అని వాడితే ఈ రెండర్థాల చిక్కు తప్పుతుంది. ఇంకొక మాట: ‘మే’, ‘బి’ అన్నవి రెండు మాటలుగా విడిగా రాయాలి. కలిపి ఒకే మాటగా రాస్తే అది ‘బహుశా’ అన్న అర్థంలో వేరే పదం.

‘కుడ్’ గురించి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడిన తరవాత చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. ఆ సంగతి ‘పవర్ కుడ్ నాట్ బి రిస్టోర్డ్ ఫర్ డేస్’ అని రాస్తే సరిగ్గా ఉంటుంది, పునరుద్ధరించలేకపోయారు అని. కానీ చివరికి కరెంటు వచ్చిన రోజు గురించి, ‘పునరుద్ధరించగలిగారు’ అన్న అర్థంలో ‘పవర్ కుడ్ బి రిస్టోర్డ్ ఆన్ ఫ్రైడే’ అంటే ఇంగ్లీషువాడికి ‘శుక్రవారం రావచ్చేమో’ అని వినిపిస్తుంది. ఒకసారి జరిగి తీరిన పనికి ‘కుడ్ బి’ చెల్లదు, ‘వాజ్ రిస్టోర్డ్’ అనాలి. ‘లేకపోయారు’కు ‘కుడ్ నాట్ బి’ సరిపోతుంది కాబట్టి ‘గలిగారు’కు ‘కుడ్ బి’ సరిపోతుందని మనం లెక్క వేస్తాం. ఆ లెక్క తప్పుతుంది. మీ లాగ్‌బుక్‌లో ‘ద పంప్ కుడ్ బి స్టార్టెడ్ ఎట్ త్రీ’ అని ఎక్కడైనా ఉంటే, అది పంపు నడిచిందని కాక నడిపే వీలుందని చదవబడే ప్రమాదం ఉంది. చూశారా, నేనూ ‘చదవబడే’ అన్నాను. అలవాటు అంత సులువుగా పోదు.

మన ప్రాంతపు ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇంకొకటుంది. మీ ఉత్తరంలో అది లేదు గానీ మీ లాగ్‌బుక్‌లో ఉండకపోదని నా నమ్మకం. ‘లీకేజ్ మైట్ బి హ్యాపెన్డ్ ఇన్ ద నైట్’, ‘ప్రాబ్లమ్ మే బి అకర్డ్’. ఇలా రాసేవారిలో ఇంజనీర్లూ ఉన్నారు, లెక్చరర్లూ ఉన్నారు. హ్యాపెన్, అకర్ అనేవి అకర్మకాలు. వాటికి కర్మ లేదు కనుక పాసివ్ పుట్టదు. ఇది గుర్తుంచుకోవడానికి ఇంగ్లీషు సూత్రం అక్కరలేదు, తెలుగులోనే జత ఉంది. ‘జరుగు’కూ ‘జరుపు’కూ తేడా మీకు తెలుసు. సభ జరుగుతుంది, సభను జరుపుతారు. ‘జరపబడును’ అని ఆహ్వాన పత్రికల్లో చూశారు. ‘జరగబడును’ అని ఎవరూ వేయరు, చెవికే ఒప్పదు. ‘హ్యాపెన్’ అంటే జరుగు, ‘హోల్డ్’, ‘కండక్ట్’ అంటే జరుపు. అందువల్ల ‘ద మీటింగ్ విల్ బి హెల్డ్’ సరైనది, ‘ద యాక్సిడెంట్ మైట్ బి హ్యాపెన్డ్’ తప్పు. జరిగి ఉండవచ్చు అనడానికి ‘మైట్ హేవ్ హ్యాపెన్డ్’. అక్కడ ‘బి’ లేదు, ‘బీన్’ లేదు. తెగు, తెంచు, విరుగు, విరుచు, చేరు, చేర్చు. ఏ క్రియ దగ్గర సందేహం వచ్చినా ఈ జతల్లో అది ఎటువైపుదో చూడండి. మొదటి వైపుదైతే పాసివ్ వద్దు.

దీనికి పూర్తిగా ఎదురైన సంగతి కూడా ఉంది. ‘డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసు ఇక్కడి నుంచి కనబడుతుంది’ అంటాం. తెలుగు నోట ‘బడు’ సహజంగా బతికే అరుదైన చోట్లు ఇవే: కనబడు, వినబడు. దీన్ని చాలామంది ‘ద లైట్‌హౌస్ ఈజ్ సీన్ ఫ్రమ్ హియర్’ అని రాస్తారు. ఇంగ్లీషు ఇక్కడ మోడల్‌ను కోరుతుంది: ‘కెన్ బి సీన్’. చూసే వీలు ఉందనేది మన ‘కనబడు’లోనే ఇమిడి ఉంది కనుక ‘కెన్’ అవసరం మనకు తట్టదు. హార్బరులో ఓడ కూత వినబడుతుంది అంటే ‘కెన్ బి హర్డ్’. మీ పనిలో ఇలాంటిది రోజూ వస్తుంది. ఎలారం కంట్రోల్ రూములోకి వినబడదు అన్నప్పుడు ‘ఈజ్ నాట్ హర్డ్’ అని రాయకండి, ‘కెనాట్ బి హర్డ్’ అని రాయండి. మొదటిదైతే ఎలారం ఎవరూ పట్టించుకోవడం లేదన్నట్టు కూడా చదువుకోవచ్చు.

‘అతనికి చెప్పాలి’ వంటి వాక్యాలను మార్చేటప్పుడు ‘కి’ ప్రత్యయాన్ని చూసి ‘టు హిమ్’తో మొదలుపెట్టవద్దు. ఇంగ్లీషులో అతడే ముందుకొచ్చి కర్త స్థానంలో కూర్చుంటాడు: ‘హి షుడ్ బి టోల్డ్’, ‘ద షిఫ్ట్ ఇన్‌చార్జ్ మస్ట్ బి ఇన్ఫార్మ్డ్’. క్రియతో పాటు వచ్చే చిన్న మాటల్ని కూడా పోగొట్టుకోవద్దు. ‘మస్ట్ బి స్విచ్డ్ ఆఫ్’లో ‘ఆఫ్’ పోతే అర్థమే పోతుంది.

ఇప్పుడు మస్ట్, షల్, షుడ్‌ల బరువు. మీ కర్మాగారంలో ఏ పని ఎలా చేయాలో రాసి ఉంచే ఎస్ఓపీ పుస్తకం తీసి చూడండి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తన ప్రమాణాలను రాసేటప్పుడు ఈ మాటలకు అర్థాలు కట్టుదిట్టం చేసుకుంది. ‘షల్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే చేస్తే మంచిది అనే సిఫారసు, ‘మే’ అంటే అనుమతి, ‘కెన్’ అంటే సాధ్యత. చాలా సాంకేతిక పత్రాలు ఇదే పద్ధతిని అనుసరిస్తాయి. మనం ‘వాల్వును నెలకొకసారి పరీక్షించాలి’ అంటే ఆ ‘ఆలి’లో ఆజ్ఞా ఉండవచ్చు, సలహా ఉండవచ్చు. దాన్ని ‘షుడ్ బి టెస్టెడ్’ అని రాస్తే, పరీక్షించనివాడు రేపు ‘అది సిఫారసే కదా’ అని తప్పించుకోవచ్చు. తప్పనిసరి అయితే మస్ట్ గానీ షల్ గానీ రాయండి. మర్యాద కోసం ‘షుడ్’ను ఎంచుకునే అలవాటు మనవాళ్ళకు ఉంది. మనిషితో మాట్లాడేటప్పుడు అది మంచిదే, పరికరం గురించి రాసేటప్పుడు వద్దు.

‘షుడ్ హేవ్ బీన్’ గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాను. ‘ద వాల్వ్ షుడ్ హేవ్ బీన్ ఓపెన్డ్’ అంటే తెరిచి ఉండాల్సింది అని. అంటే తెరవలేదు, తెరవనివాడిది తప్పు అని. పేరు లేకుండానే ముందు షిఫ్టు మీద నింద పడిపోతుంది. లాగ్‌బుక్ సాక్ష్యం లాంటిది, దానిలోకి తీర్పు చొరబడకూడదు. ‘మస్ట్ హేవ్ బీన్’ కూడా ఒక విధంగా తీర్పే, ఆధారాలు చూసి ఇచ్చిన తీర్పు. ‘మే హేవ్ బీన్’ అయితే తలుపు తెరిచి ఉంచుతుంది.

మీ బావగారి మాటకు వస్తాను. ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు. పాసివ్ వల్ల బాధ్యత గాలిలో కలిసిపోతుంది. దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివాడికీ ‘ద మేటర్ విల్ బి లుక్డ్ ఇన్‌టు’ అన్న జవాబు వచ్చే ఉంటుంది. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్నది ఆ వాక్యంలో లేదు, లేకపోవడమే దాని ప్రయోజనం. చేయవలసిన మనిషి ఫలానా అని తెలిసినప్పుడు, చేయకపోతే ప్రమాదం ఉన్నప్పుడు పాసివ్ పనికిరాదు. ‘వాల్వు మూసెయ్యి’ అనడానికి ‘క్లోజ్ ద వాల్వ్’ అన్న మూడు మాటలు చాలు. మస్ట్ అక్కరలేదు, బి అక్కరలేదు.

కానీ పాసివ్‌ను వెలివేస్తే పోగొట్టుకునేది కూడా ఎక్కువే. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న మన రాజ్యాంగంలోని 21వ అధికరణం చూడండి. ‘నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్ ఆఫ్ హిజ్ లైఫ్ ఆర్ పర్సనల్ లిబర్టీ ఎక్సెప్ట్ అకార్డింగ్ టు ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా.’ చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఏ మనిషి ప్రాణాన్నీ వ్యక్తి స్వేచ్ఛనూ హరించకూడదు అన్నది దాని సారం. హరించేవాడి పేరు అక్కడ లేదు. పోలీసు అని రాసి ఉంటే కలెక్టరు తప్పుకునేవాడు, కలెక్టరు అని రాసి ఉంటే ఇంకొకరు తప్పుకునేవారు. కర్త స్థానంలో అధికారిని కాక మనిషిని నిలబెట్టడం వల్ల వాక్యం చూపంతా రక్షణ పొందవలసినవాడి మీద నిలిచింది. ‘నో పర్సన్’, ‘షల్’ కలిసి ఆ వాక్యానికి తలుపూ గడియా వేశాయి. అది షల్ బి డిప్రైవ్డ్ అనే మోడల్ పాసివ్ కాకపోతే అంత తక్కువ మాటల్లో అంత పని జరిగేది కాదు. ఆఫీసు జవాబులోనూ రాజ్యాంగంలోనూ ఉన్నది ఒకే నిర్మాణం. ఒకచోట కర్త దాక్కున్నాడు, ఇంకొకచోట ఏ కర్తకూ మినహాయింపు లేకుండా పోయింది. బావగారితో ఈ సారి కలిసినప్పుడు ఈ అధికరణాన్ని యాక్టివ్‌లోకి మార్చి చూడమనండి.

ఇక మీ లాగ్‌బుక్. ఆ రాత్రి మీరు స్వయంగా వాల్వు దగ్గరికి వెళ్ళి చూశారా, లేక నీటి మట్టాన్ని బట్టి ఊహించారా అన్నది మీ ఉత్తరంలో లేదు. రాయవలసిన వాక్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది. చూసి ఉంటే మోడల్ అవసరమే లేదు: ‘ట్యాంక్ టూ ఇన్‌లెట్ వాల్వ్ వాజ్ ఫౌండ్ క్లోజ్డ్ ఎట్ ఫైవ్ టెన్. ఇట్ మే హేవ్ బీన్ క్లోజ్డ్ ఇన్ ద ఈవెనింగ్ షిఫ్ట్.’ మొదటి వాక్యం కంటితో చూసినది, రెండోది ఊహ. రెండూ వేరు వేరు వాక్యాల్లో ఉన్నాయి కనుక ఒకటి ఇంకొకటిగా మారిపోదు. చూడకపోతే ఇలా రాయాలి: ‘ట్యాంక్ టూ లెవెల్ హేజ్ నాట్ రిజన్ సిన్స్ ఫోర్ థర్టీ. ఇన్‌లెట్ వాల్వ్ నాట్ చెక్డ్.’ ఇందులో మోడలూ లేదు, ఊహా లేదు. ‘మైట్ బి క్లోజ్డ్’ అని తగిలించాలని చేయి లాగుతుంది గానీ ఆపుకోండి. ‘నాట్ చెక్డ్’ చదివినవాడు వెళ్ళి చూస్తాడు, ‘మైట్ బి క్లోజ్డ్’ చదివినవాడు ఆలోచిస్తూ కూర్చుంటాడు. రెంటిలో ఏది రాసినా కింద ఒక పంక్తి చేర్చండి, ఈసారి పాసివ్ లేకుండా, పని ఎవరిదో పేరు పెట్టి: ‘మార్నింగ్ షిఫ్ట్ ఇన్‌చార్జ్, ప్లీజ్ చెక్ ద వాల్వ్ బిఫోర్ సెవెన్.’